కూలి దినమున కృప

పాఠ్యభాగములు: మత్తయి 20:1–16, ద్వితీయోపదేశకాండము 5:12–15, రోమా 14:1–12





వలస కుటుంబములను దర్శించుటకు మేము ముగ్గురము ఇటీవల దక్షిణ తమిళనాడులోని కోవిల్‌పట్టికిని విరుదునగర్‌కును వెళ్లి వచ్చితిమి. నిజము చెప్పవలెనంటే అది ఉత్త దర్శనము కాదు. అక్కడ ప్రార్థనకు కూడుకొనుచున్న కొద్ది కుటుంబముల మధ్య తగవు పుట్టినదనియు, ఎవరైనా వచ్చి తీర్చవలెననియు ఉత్తరము వచ్చినందున వెళ్లితిమి. తీర్పు చెప్పుదుమని వెళ్లి, మేమే తీర్పు పొంది తిరిగి వచ్చితిమి. అటువంటి తగవు మీ సంఘములలోను ఏదో ఒక రూపమున ఉండియుండును గనుక జరిగినది దాచక వ్రాయుచున్నాము.

కోవిల్‌పట్టి చుట్టూ అంతయు నల్లరేగడి నేల. వర్షము తక్కువ, ఎండ ఎక్కువ. ప్రత్తి, జొన్న, అగ్గిపెట్టెలు, వేరుశెనగ మిఠాయి: ఇవి అక్కడి బ్రదుకుతెరువులు. తెలుగు మాట ఆ నేలకు క్రొత్త కాదు. మదురై నాయకుల కాలమునుండియు తెలుగువారు అక్కడ స్థిరపడియున్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ అను గ్రామమున పుట్టిన రచయిత కి. రాజనారాయణన్‌గారి ఇంటిమాట తెలుగే. ఆ వలసవారి బ్రదుకును గూర్చి ఆయన తమిళములో వ్రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మన బాప్తిస్టు కుటుంబములు మాత్రము నిన్న మొన్న రైల్వే పనికో, మిల్లు పనికో వచ్చినవారు.

వలస పోవువాడు రెండు మూటలు కట్టుకొని పోవును. ఒకటి గిన్నెల మూట, రెండవది ఆచారముల మూట. గిన్నెలు కాలక్రమమున సొట్టలు పడును. ఆచారములు మాత్రము నానాటికి బిగిసికొనును. ఇశ్రాయేలీయులకు జరిగినదియు ఇదే. దేవాలయము కాలిపోయి, దేశము చేజారి, బబులోను నదుల యొద్ద కూర్చున్న వారికి విశ్రాంతి దినమే గుడి గోపురమాయెను. తిరిగి వచ్చిన తరువాత నెహెమ్యా ఆ దినమును కాపాడుటకై యెరూషలేము గుమ్మములు మూయించెను (నెహెమ్యా 13). కాబట్టి ధర్మశాస్త్రమును గట్టిగా పట్టుకొనువానిని చూచినప్పుడు మనము త్వరపడి మూర్ఖుడని పిలువకూడదు. అతడు దేనిని పోగొట్టుకొనెనో మొదట అడుగవలెను. మేము ఈ పాఠము నేర్చుకొనుటకు మూడు వందల మైళ్లకు పైగా ప్రయాణము చేయవలసి వచ్చినది.

తగవు ఇది. కోవిల్‌పట్టిలో ప్రార్థన జరుగు ఇల్లు రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దాయనది. అయిదారు ఏండ్లుగా ఆయన శనివారమును విశ్రాంతి దినముగా ఆచరించుచున్నాడు. లేవీయకాండములో చెప్పిన అపవిత్ర ఆహారమును ముట్టడు. పస్కాను, పర్ణశాలల పండుగను క్యాలెండరులో గుర్తుపెట్టుకొని ఆచరించును. ఇంతవరకు ఎవరికిని అభ్యంతరము లేదు. తరువాత ఆయన ఆదివారపు ప్రార్థనను శనివారము ఉదయమునకు మార్చెను. ఇల్లు ఆయనది గనుక ఎవరును మాటాడలేదు.

ఆ కూటమునకు వచ్చువారిలో ఒక విధవరాలైన సహోదరి యున్నది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలకు చీటీలు అంటించి, డజను చొప్పున కట్టలు కట్టుట ఆమె పని. ఎన్ని కట్టలు కట్టిన అంత కూలి. శనివారము ఆమెకు లెక్క దినము. వారమంతటి కట్టలు లెక్కపెట్టి సాయంకాలము కూలి చేతిలో పెట్టుదురు. ఆ దినము మానినయెడల పిల్లవాని బడి ఖర్చు ఆగిపోవును. అందుచేత ఆమె శనివారము ప్రార్థనకు రాలేకపోయెను. ఒక ఆదివారము సాయంకాలము ఆమె కానుక పట్టుకొని పెద్దాయన ఇంటికి వెళ్లెను. విశ్రాంతి దినమున సంపాదించిన డబ్బు దేవుని పెట్టెలో వేయరాదని చెప్పి ఆయన ఆ నోటును మడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టెను. ఆమె మారు మాటాడక ఇంటికి వెళ్లిపోయి, మూడు నెలలుగా ప్రార్థనకు రాలేదు. మిగిలిన వారు కోపించి పెద్దాయనకు ‘యూదుడు’ అని పేరు పెట్టిరి.

మేము రైలులోనే వచనములు వెదకి చీటీలు పెట్టుకొంటిమి. గలతీయులకు వ్రాసిన పత్రిక, కొలొస్సయులకు వ్రాసిన పత్రిక, అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము. అన్నియు కృప పక్షముననే యున్నవి. ఆయన నోరు ఒక గంటలో మూయించగలమని మా ధైర్యము. కృపను గూర్చి వాదించబోవు మా యొద్ద అతిశయమునకు మాత్రము కొదువ లేదు.

పెద్దాయన మమ్మును ఆదరముగా కూర్చుండబెట్టి మంచినీళ్లు ఇచ్చెను. మా చీటీలు చూచి చిన్నగా నవ్వెను.

“అయ్యగారూ, ఆ వచనాలన్నీ నాకూ తెలుసు. మీరు తెరవక ముందే చెప్పగలను. కానీ ఒక్క సంగతి మీకు తెలియదు. ఇరవై ఏళ్ల కింద నాకు ఒక పట్టణానికి బదిలీ అయింది. అక్కడి మన సంఘానికి భార్యా పిల్లలతో వెళ్లాను. బదిలీ పత్రము చూపించాను. పాత సంఘములో నా చందా రెండేళ్లు బాకీ అని అందులో వ్రాసి ఉంది. ఆ రెండేళ్లూ నా తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. బల్ల ఆరాధన నాడు రొట్టె పళ్లెము వరుసలో వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దమనిషి పళ్లెమును నా మీదుగా దాటించి పక్కవాడికిచ్చాడు. నా పెద్దకొడుకు నా ముఖము చూశాడు. ఆ రోజే అనుకున్నాను. మనుష్యుల లెక్కపుస్తకములో నా పేరు సరిగా లేకపోతే పోనీ. దేవుని లెక్కపుస్తకములో మాత్రము తప్పన్నది లేకుండా పెట్టుకుంటాను.”

మేము చీటీలు పెట్టిన బైబిలును మూసితిమి. ఏలయనగా మాలో ఒకరు తన యౌవనమున అటువంటి చందా పుస్తకమును చంకనబెట్టుకొని తిరిగినవారే. అది ఏ సంఘమని మేము అడుగలేదు. ఏ సంఘమైనను అది మన సంఘమే.

సహోదరులారా, ఇక్కడ ఒక్క క్షణము ఆగుడి. ఆయనను ధర్మశాస్త్రమునొద్దకు తోలినది మోషే కాదు. కృపను ప్రకటించుచు చందా లెక్కించిన మనమే. కృప అని గోడమీద వ్రాసికొని, ద్వారమునొద్ద వెల అడిగితిమి. వెల చెల్లించవలసినదేయైతే మనుష్యులకంటె దేవునికే చెల్లించెదనని ఆయన వెళ్లిపోయెను.

అప్పుడు మాకు వాదించుటకు నోరు రాలేదు. మాలో పెద్దవారు మాత్రము మెల్లగా ఇట్లనిరి: “అన్నగారూ, మీరు ప్రేమించే ధర్మశాస్త్రమే చదువుదాం. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము మీరే చదవండి.”

ఆయన చదివెను. నిర్గమకాండములో విశ్రాంతి దినమునకు కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను గనుక. ద్వితీయోపదేశకాండములో మరియొక కారణము చేర్చబడినది. దాసుడును దాసియు యజమానునివలె విశ్రమించవలెను. నీవు ఐగుప్తులో దాసుడవై యుండగా దేవుడు నిన్ను విడిపించెనని జ్ఞాపకము చేసికొనవలెను. అనగా విశ్రాంతి దినము మొదట ఇయ్యబడినది కూలివారికి, ఇటుకలు చేసి చేసి చేతులు పగిలినవారికి. వారు ఏమియు సంపాదింపకముందే వారికి దొరికిన సెలవు అది. దాని లోపలి గింజ కృపయే.

“ఇప్పుడు 24వ అధ్యాయము,” అంటిమి. అక్కడ దీనుడైన కూలివాని కూలిని ఆ దినముననే, ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని యున్నది. ఏలయనగా అతని ప్రాణము ఆ కూలిమీదనే పెట్టుకొనియున్నాడు. దాని వెంటనే విధవరాలి వస్త్రమును తాకట్టుగా తీసికొనకూడదనియు యున్నది.

పెద్దాయన కండ్లద్దములు తీసి చాలసేపు పంచె చెరగుతో తుడుచుకొనుచుండెను. తరువాత ఎవరితోనో కాక తనతోనే చెప్పుకొన్నట్టు అనెను: “ఆ పళ్లెము నన్ను దాటిపోయింది. నేను ఈ చెల్లెలి చేతిని దాటించాను.”

మేము చెప్పవలసిన ప్రసంగమంతయు ఆయనే రెండు మాటలలో చెప్పెను.

ఆ సాయంకాలము మేము విరుదునగర్ రైలు ఎక్కితిమి. కోవిల్‌పట్టినుండి సాత్తూరు మీదుగా ఉత్తరమునకు పోవలెను. దారిలో ఆ ప్రాంతపు పాత సంగతి ఒకటి జ్ఞాపకము వచ్చినది. అది మనవంటి ప్రతి సంఘము తెలిసికొనదగినది.

పూర్వపు తిరునెల్వేలి జిల్లాలో నజరేతు అను మిషను ఊరు కలదు. 19వ శతాబ్దపు నడుమ అక్కడ అరుమైనాయకము అను ఉపదేశి యుండెను. గొప్ప విద్యావంతుడు. చట్టాంపిళ్ళై అను పేరుతో ప్రసిద్ధుడాయెను. తమిళములో ఆ మాటకు బడిలో తోటి పిల్లలను చూచుకొను పెద్ద విద్యార్థి అని అర్థము. ఆయన నాడార్ కులమునుండి వచ్చిన క్రైస్తవుడు. ఆ కాలమున ఆ కులమును షానార్లు అనుచుండిరి. తెల్ల మిషనరీతో వివాదము కలిగి ఆయన ఉపదేశి పని పోయెను. ఆ కాలముననే, అనగా 1849లో, రాబర్టు కాల్డ్‌వెల్‌గారు షానార్లను గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చువేయించిరి. ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసి మన తెలుగునకును మేలు చేసిన పండితుడే ఆయన. కాని ఆ చిన్న పుస్తకము ఆ జనులను తక్కువవారినిగా చూపినది. తమకు సువార్త చెప్పిన చేయియే తమ్మును తక్కువగా వ్రాసినదని వారి మనస్సు విరిగెను.

1857లో చట్టాంపిళ్ళై, ఆయనతోకూడ అనేకులు, మిషనును విడిచి నజరేతు దగ్గర ముక్కుప్పేరిలో వేరు సంఘము స్థాపించుకొనిరి. దానికి ఏక రక్షకుని సభ అని పేరు. క్రీస్తును విడువలేదు. దొరలవని తోచిన ఆచారములను తీసివేసి పాత నిబంధన ఆచారములను ఎత్తుకొనిరి. శనివారపు విశ్రాంతి దినము, మోషే పండుగలు, సాంబ్రాణి ధూపము, దేవుని సన్నిధిని సాష్టాంగపడుట. తరువాత 20వ శతాబ్దపు మొదటి దశాబ్దములో సెవెంత్‌డే అడ్వెంటిస్టు మిషనరీలు ఈ శనివారము ఆచరించువారిని గూర్చి విని అక్కడికి వచ్చిరి. ప్రకాశపురములోని జేమ్స్ మెమోరియల్ పాఠశాల ఆ రాకకు గురుతు.

చట్టాంపిళ్ళై చేసినదంతయు సరియని మేము చెప్పుటలేదు. ఆయనలోను పంతము లేకపోలేదు. కాని ఒక్క సంగతి చూడుడి. కృపను బోధించినవారు దీనత్వము చూపనప్పుడు, అవమానపడినవారు గౌరవము కొరకు ధర్మశాస్త్రపు నీడకు పోయిరి. దొర ఇయ్యని మర్యాదను మోషే ఇచ్చినట్లు వారికి తోచెను. మన కోవిల్‌పట్టి పెద్దాయన కథ నూట యాబది ఏండ్లకు పూర్వమే అదే జిల్లాలో జరిగియున్నది.

అదే కాలమున మరియొకడు ఆ ప్రాంతమున తిరుగుచుండెను. థామస్ రాగ్లండ్ కేంబ్రిడ్జిలో గణితమున పేరుపొందినవాడు, మద్రాసులో చర్చి మిషనరీ సొసైటీ కార్యదర్శి. ఆ బల్లను, కుర్చీని విడిచి ఉత్తర తిరునెల్వేలి గ్రామములలో గుడారములు వేసికొని, తమిళ ఉపదేశులతోకూడ ఎండలో తిరిగెను. 1858 అక్టోబరులో శివకాశిలో కన్నుమూసెను. శివకాశి ఇప్పుడు విరుదునగర్ జిల్లాలో యున్నది. ముక్కుప్పేరి చీలిక 1857, రాగ్లండ్ మరణము 1858. ఒకచోట కృప పెదవులమీద నిలిచిపోయి మనుష్యులు చెదరిపోయిరి. మరియొకచోట కృప కాళ్లలోనికి దిగి దుమ్ములో నడిచెను. బోధ రెండు చోట్లను ఒక్కటే. వంగిన నడుము మాత్రము ఒకచోటనే కనబడినది.

విరుదునగర్‌లో ఆదివారము ఉదయము కూడుకొంటిమి. అక్కడివారు ఎక్కువగా యౌవనస్థులు. కోవిల్‌పట్టి పెద్దాయన మాట ఎత్తగానే నవ్వులు పుట్టినవి. “మాకు ధర్మశాస్త్రము లేదు అయ్యగారూ, మేము కృపలో ఉన్నాము” అని ఒకడు చెప్పెను. ఒక పెండ్లి విందులో పందిమాంసపు కూరను పెద్దాయన ఆకులో వేయబోయి ఎట్లు ఆటపట్టించితిమో మరియొకడు చెప్పెను. ఆయన ఆకు మడిచి లేచి వెళ్లిపోయెనట. అందరును మరల నవ్విరి.

ప్రియులారా, తినుటవలన ఎవడును దేవునికి దగ్గర కాడు, తినకపోవుటవలన దూరము కాడు. అది నిజము. కాని పౌలు రోమాలోని సంఘమునకు వ్రాసిన 14వ అధ్యాయములో గద్దించినది ఇరుపక్షములను. తినువాడు తిననివానిని తృణీకరింపకూడదు. తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు. ఒకడు ఒక దినమును ఎక్కువగా ఎంచును, మరియొకడు అన్ని దినములను సమానముగా ఎంచును. ఇద్దరును ప్రభువు కొరకే చేయుచున్నయెడల ఇద్దరును ఆయన సేవకులే. పరుని సేవకునికి తీర్పు చెప్పుటకు మనకు అధికారము లేదు. ఎగతాళికి పందిమాంసము వడ్డించిన చేయి, విధవరాలి కానుకను తిప్పి పంపిన చేయి, రెండును ఒకే రోగముతో వణకుచున్నవి.

బాప్తిస్టులమని చెప్పుకొను మనకు రెండు సంగతులు జ్ఞాపకము చేసితిమి. మొదటిది. శనివారమును ఆచరించు బాప్తిస్టులు 17వ శతాబ్దముననే ఇంగ్లండులో ఉండిరి. 1671లో అమెరికాలోని న్యూపోర్టులో వారి సంఘము ఏర్పడినది. కాబట్టి ఆ ఆచారముగలవాడు మన ఇంటివాడు కాడని త్రోసివేయుటకు వీలులేదు.

రెండవది మన ఒంగోలు కథ. 1866లో జాన్ క్లౌదొరగారు ఒంగోలు వచ్చిన తరువాత యెర్రగుంట్ల పేరయ్యగారి ద్వారా మాదిగ పల్లెలలో సువార్త వ్యాపించినది. ఆ విశ్వాసుల ముందు పెట్టిన నియమములు మూడు. ఆదివారము పనిచేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. చూచితిరా? ఒక దినమును గూర్చిన ఆజ్ఞ, ఒక ఆహారమును గూర్చిన ఆజ్ఞ, ఒక ఆరాధనను గూర్చిన ఆజ్ఞ. మన తాతలకు ఇవి తేలిక కాలేదు. చచ్చిన గొడ్డు వారి జీవనములో భాగము. ఆదివారము పనికి రామని చెప్పినందుకు గ్రామ పెద్దల చేత బాధలు పడిరి. అయినను నిలిచిరి. కాబట్టి ఆజ్ఞను గైకొనువానిని చూచి తెలుగు బాప్తిస్టు నవ్వరాదు. నవ్వినయెడల తన తాతను చూచి నవ్వినట్లే.

కాని కథ అంతటితో ముగియలేదు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌగారు ఒప్పందమునకు తీసికొని ఆకలితో నున్న వేలమందికి పని ఇచ్చిరి. త్రవ్వినవారికి కూలి ఇచ్చిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. కరవు పని సాగినంతకాలము ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిరను మాట రాకూడదు. కూలియు కృపయు కలిసిపోకూడదు. పని ముగిసిన తరువాత, పంచుటకు డబ్బు లేని దినమున కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కాలువ గట్టుమీద వారికి దొరికినది కూలి. నీళ్లలో దొరికినది కానుక. రెంటికిని భేదము వారికి తెలియును, ఏలయనగా వారు రెండును ఎరుగుదురు. మనము కూర్చుండి తినుచున్నవారము గనుక రెంటిని కలిపివేయుచున్నాము.

ఇప్పుడు మత్తయి 20వ అధ్యాయమునకు రండి. ద్రాక్షతోట యజమానుడు తెల్లవారగనే కొందరిని, తరువాత మరికొందరిని, సాయంకాలము అయిదు గంటలకు ఇంకను కొందరిని పనికి పిలిచెను. ప్రొద్దు గ్రుంకినప్పుడు కూలి ఇచ్చుచు కడపటి వారినుండి మొదలుపెట్టెను. మొదటివారికి మొదట ఇచ్చియుండినయెడల ఏ తగవును ఉండకపోవును. ఒప్పుకొన్న దేనారము పుచ్చుకొని సంతోషముగా ఇంటికి పోయియుందురు. మరి యజమానుడు ఎందుకట్లు చేసెను? వారి హృదయములోనిది బయటికి రావలెనని. వారి చేతిలోని దేనారము తక్కువ కాలేదు. ప్రక్కవాని చేతిలోని దేనారమును చూచినప్పుడే వారిది చిన్నదైపోయెను.

సహోదరులారా, మేము చెప్పవలసినది ఇదొక్కటే. ఆజ్ఞను గైకొనుటవలన ఎవడును కృపను పోగొట్టుకొనడు. ఆజ్ఞను విడిచిపెట్టుటవలన ఎవడును కృపను సంపాదింపడు. ప్రక్కవాని అరచేతిలోనికి చూచిన క్షణముననే కృప మన చేతిలో కూలిగా మారిపోవును. ఉదయమునుండి ఎండలో పనిచేసినవారి కష్టమును యజమానుడు తృణీకరింపలేదు. వారికి ఇయ్యవలసినది ఇచ్చెను. దేవుడు సత్‌క్రియలను త్రోసివేయడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము కృపచేతనే రక్షణయని చెప్పి, వెంటనే సత్‌క్రియల కొరకే మనము సృజింపబడితిమని చెప్పుచున్నది. చెట్టు పండ్లు కాచుట తన వేరునకు కూలి చెల్లించుటకు కాదు. వేరు బ్రదికియున్నది గనుక కాయును.

మన క్రియ కృతజ్ఞతయా, లేక అప్పు వసూలు పత్రమా అని తెలిసికొనుట ఎట్లు? తక్కువగా చేసినవానిని చూచినప్పుడు మన ముఖము ఎట్లుండునో చూచుకొనవలెను. అక్కడ జాలి యుంటే అది కృతజ్ఞత. అక్కడ లెక్క యుంటే అది పరిసయ్యుని ప్రార్థన. జాగ్రత్త! “దేవా, నేను ఆ పరిసయ్యునివంటి వాడను కాను గనుక నీకు స్తోత్రము” అని ప్రార్థించు సుంకరియు పరిసయ్యుడే.

విరుదునగర్ యౌవనస్థులు ఆ దినము ఎక్కువగా మాటాడలేదు. పెండ్లి విందు కథ చెప్పిన తమ్ముడు మాత్రము మమ్మును స్టేషను వరకు సాగనంపుచు, “అయ్యగారూ, నేను కోవిల్‌పట్టి వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాను” అనెను. కాళ్లు పట్టుకొనకపోయినను ఆయన ఇంట ఆయన తినునది తిని రమ్మని చెప్పితిమి.

మేము తిరిగి వచ్చిన కొద్ది దినములకు కోవిల్‌పట్టినుండి ఉత్తరము వచ్చినది. పెద్దాయన తానే ఆ సహోదరి ఇంటికి నడిచి వెళ్లెనట. గుమ్మమునొద్ద నిలిచి ఇట్లనెనట: “శనివారము పొద్దు కుంకితే నా విశ్రాంతి దినము తీరిపోతుంది, చెల్లెమ్మా. ఆ వేళకే నీ కూలి నీ చేతికొస్తుంది. ఆ తరువాత కూడుకుంటే ఇద్దరికీ అడ్డు లేదు గదా. ఈసారి ప్రార్థన మీ ఇంట్లో పెట్టుకుందాం.” ఇప్పుడు అక్కడ శనివారము దీపములు వెలిగించిన తరువాత ప్రార్థన జరుగుచున్నది. ఆమె కానుక ఆమె కూలిలోనిదే. దానిని అందరి యెదుట పెట్టెలో వేయించినవాడు ఆయనే.

ఆయన శనివారమును విడువలేదు. మేము విడువుమని చెప్పలేదు. ఆమె శనివారపు పని మానలేదు. ఆయన మానుమని మరల చెప్పలేదు. మన జయమేమి అని అడుగువారికి మేము చెప్పగలిగినది ఒక్కటే: ఒకరి చేయి ఒకరిని దాటిపోవుట మానినది.

ఇక మన సంగతి. మన సంఘములలో శనివారము ఆచరించువారు ఎవరును లేకపోవచ్చును. కాని మనకును చెక్కని పలకలు కలవు. ముంచు బాప్తిస్మము పొందినామని, పొగాకు ముట్టమని, దశమభాగము తప్పమని, మూడు తరముల బాప్తిస్టులమని. వీటిలో ప్రతిదియు మేలే. ప్రతిదానితోను ప్రక్కవానిని కొట్టవచ్చును. కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘపు పెద్దలును కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనవలెనని బ్రతిమాలుచున్నాము. మన చందా పుస్తకము ఎప్పుడైనను ప్రభువు బల్లకు అడ్డుగా నిలిచెనా? మన కూటము వేళలు మనలో కూలి చేసికొనువారికి వీలైనవియా, లేక జీతగాండ్రకు మాత్రమే వీలైనవియా? ఊరు మారి వచ్చిన కుటుంబమును మనము మొదట అడుగునది వారి క్షేమమా, వారి బాకీయా?

మా మట్టుకు మేము తీర్మానించుకొంటిమి. చందా పుస్తకము వేరు, ప్రభువు బల్ల వేరు. మా కూటములో ఇక రెండును ఒకే బల్లమీద ఉండవు. ఎన్నడో ఒక పళ్లెము ఒక తండ్రిని ఆయన కుమారుని కండ్లయెదుట దాటిపోయినది. దానిని వెనుకకు త్రిప్పలేము. రాబోవు పళ్లెమును మాత్రము ఆపగలము.

ప్రార్థన చేసికొందము. ప్రభువా, సాయంకాలమున పిలువబడినవారము మేము. ఉదయమునుండి పనిచేసినవారమని నటించితిమి. మమ్మును క్షమించుము. నీ ఆజ్ఞలను ప్రేమించు హృదయమును, వాటిచేత ఎవరిని గాయపరచని చేతులను మాకు దయచేయుము. ఊరు విడిచి వచ్చిన మా కుటుంబములను నీ బల్లయొద్ద ఒకే వరుసగా కూర్చుండబెట్టుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.